గట్టు తగాదాలు - ఆడవాళ్ల భూమి

(మహిళా రైతులతో పనిచేస్తున్న కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచీ ఇక్కడ స్త్రీలకు భూమి మీద హక్కు గురించి చాలా చర్చ జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో వచ్చిన సవరణ చట్టం గురించి విన్నాం. ఆడపిల్లలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో పాటు వాటా ఇచ్చిన ఆ చట్టం అప్పటికే పెళ్లయిన వాళ్లను ఎలా వదిలేసిందో విన్నాం. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఆ సవరణ వచ్చేనాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురికి వాటా ఉంటుందని సుప్రీం కోర్టు తేల్చడానికి 2020 దాకా పట్టింది. ఇవన్నీ పెద్ద విషయాలు. నన్ను మాట్లాడమన్నది వీటి పక్కన చాలా చిన్నదిగా కనిపిస్తుంది. గట్టు తగాదాలు, గట్టు మీది చెట్లు.

కార్యక్రమ పత్రంలో ఈ మాట చూసి పొద్దున ఒక చెల్లెలు నవ్వింది. "అక్కా, గట్టు పంచాయితీలు ఊళ్లో పెద్దమనుషులు చూసుకుంటారు కదా, మనకెందుకు?" అంది. ఆమె తప్పేం లేదు. ఇరవై ఏళ్ల కిందట నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకున్నందుకు తొమ్మిది మంది ఆడవాళ్లు నా వల్ల పోలీసు స్టేషన్ మెట్లెక్కాల్సి వచ్చింది. ఆ సంగతి దాచకుండా చెబుతాను. దానికంటే ముందు ఒక మాట.

ఇద్దరు మగరైతుల మధ్య గట్టు తగాదా వస్తే అది రెండు పొలాల మధ్య తగాదా. ఆడమనిషికి వస్తే అది చాలాసార్లు ఒక ఇంటి లోపలి తగాదా. ఆడవాళ్లకు భూమి ఏ దారిన వస్తుందో గుర్తు చేసుకోండి. భర్త చనిపోతే ఆయన వాటా వస్తుంది. పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద తండ్రి ఎకరమో అరెకరమో రాసిస్తాడు. లేదంటే పదిమందిలో కూర్చుని, పోట్లాడి తెచ్చుకున్న పంపకం. ఎలా వచ్చినా అది ఒక పెద్ద చెలకను విడగొడితే వచ్చిన ముక్కే. అంటే గట్టుకు అవతల ఉండేది ఎవరో కాదు. బావ, మరిది, అన్న, తమ్ముడు, పాలోళ్లు. "ఆడదానికి భూమెందుకు, మేం సాకమా?" అని పంపకం నాడు అన్నవాడే మరునాటి నుంచి ఆమె గట్టు పక్క రైతు. ఆ రోజు పెద్దమనుషుల ముందు వాటా ఇచ్చానని సంతకం పెట్టాడు. ఇక దాని మీద మళ్లీ బాహాటంగా పోట్లాడడు. దుక్కి దున్నేటప్పుడు నాగలి ఒక్క చాలు ఇవతలికి వేస్తాడు. ఇప్పుడు ట్రాక్టరు వచ్చింది కాబట్టి అడగాల్సిన పని కూడా లేదు. డ్రైవరు చూసుకోలేదంటే సరిపోతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఐదు గొలుసుల పొడవున్న గట్టు, అంటే 330 అడుగులు. ఏడాదికి జానెడు, అంటే తొమ్మిది అంగుళాలు, గట్టును కోసుకుంటూ వచ్చాడనుకోండి. జానెడు కోసం ఎవరూ తహసీల్దారు దగ్గరికి పోరు. పదేళ్లకు ఏడున్నర అడుగులు. మొత్తం 2,475 చదరపు అడుగులు. తెలంగాణ లెక్కలో రెండు గుంటల పైన, ఆంధ్ర లెక్కలో ఐదున్నర సెంట్ల పైన. ఎకరం భూమి ఉన్న ఒంటరి స్త్రీకి అది చిన్నదా? పాస్‌బుక్కులో మాత్రం ఎకరం ఎకరంగానే ఉంటుంది. మనం ఆ పాస్‌బుక్కు చూసి, ఈమెకు హక్కు వచ్చిందని నివేదిక రాసుకుంటాం.

ఇంకొకటి గమనించారో లేదో. పాత దస్తావేజుల్లో చెక్కుబందీ చదవండి. తూర్పున ఫలానా వారి భూమి, పడమర బండ్ల బాట, ఉత్తరాన ఫలానా వారి భూమి అని రాస్తారు. ఆ ఫలానా వారిలో ఆడవాళ్ల పేర్లు ఎన్ని కనిపిస్తాయి? భూమి ఆమె పేరున మారి పదిహేనేళ్లయినా పక్క చేను దస్తావేజులో హద్దుగా చనిపోయిన భర్త పేరో, మామ పేరో రాస్తూనే ఉంటారు. తన కాగితంలో ఆమె పట్టాదారు. పక్కవాళ్ల కాగితంలో అసలు లేదు.

ఇప్పుడు ఆ సంగతి చెబుతాను. ఆమె పేరు, ఊరు చెప్పను. తెలంగాణలో మెట్ట ప్రాంతం, వాన మీద ఆధారపడ్డ చెలకలు. ఆమెను పెద్దక్క అని పిలిచేవాళ్లం. భర్త పోయాక ఆయన వాటా రెండెకరాల పది గుంటలు ఆమె పేరున ఎక్కింది. ఎక్కించుకోవడానికి సంఘం చాలా తిరిగింది, ఆ రోజు మేమంతా పండగ చేసుకున్నాం. దక్షిణం గట్టుకు అవతల బావ చేను. రెండేళ్లు తిరిగేసరికి ఆ గట్టు పొడవునా ఆయన జామాయిల్ మొక్కలు పెట్టించాడు. ఊళ్లోకి కర్ర కొనేవాళ్లు వస్తున్న కాలం, అందరూ పెడుతున్నారు. పెద్దక్క మా దగ్గరికొచ్చి, "గట్టు ఏడాదికింత జరుపుకుంటొస్తుండక్కా. ఇగ చెట్లు గూడ వెట్టిండు. చెట్టు లేస్తె నేనెవలకు చెప్పాలె?" అంది.

ఆమె చివరి మాటలో ఎంత తెలివి ఉందో నాకు అప్పుడు అర్థం కాలేదు. నాగలి జరిపిన గట్టును నాగలితోనే వెనక్కు జరపొచ్చు. చెట్టు అలా కాదు. పదేళ్లు నిలబడిందంటే అది సాక్ష్యం చెబుతుంది. "ఆ చెట్లు మొదటినుంచీ ఆయనవే కదా, హద్దు అక్కడే కదా" అని ఊరు ఊరంతా అంటుంది. వెనకటికి పొలం మూలన తాటిగింజ పాతేవారు. రాయి పీకేస్తారేమో గాని తాటిచెట్టు పీకలేరని. చెట్టు ఎవరు నాటితే వాళ్ల తరఫున మాట్లాడుతుందని రైతుకు ఎప్పటినుంచో తెలుసు.

నేను ఆ రోజు ఏం చేశాను? రక్తం ఉడికింది. "మన భూమిలో నాటిన మొక్కలు మనం పీకేస్తే తప్పేంటి?" అన్నాను. మరునాడు సంఘం ఆడవాళ్లు తొమ్మిది మంది పోయి మొక్కలన్నీ పీకి గట్టు కింద పడేశారు. సాయంత్రానికి కేసు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా స్టేషన్ ముందు కూర్చున్నాం. చివరికి సంఘం పొదుపు డబ్బులోంచి మొక్కల ఖరీదు కట్టి, మళ్లీ ఇలా చేయమని కాగితం రాసిచ్చి బయటపడ్డాం. నష్టం అంతటితో ఆగలేదు. మొక్కలు ఎక్కడ ఉండేవో ఇప్పుడు గుంతలు కూడా లేవు. ఆయన రెండు రోజుల్లో దున్నించేశాడు. ఆయన దాటి వచ్చాడని చెప్పడానికి మాకున్న ఒకే ఒక్క గుర్తును మా చేతులతో మేమే పీకేశాం. పీకకముందు ఒక ఫోటో తీయాలని గాని, పంచనామా రాయించాలని గాని, కనీసం గట్టు నుంచి ఎన్ని అడుగుల్లో ఉన్నాయో తాడుతో కొలవాలని గాని తోచలేదు. అసలు ఆ మొక్కలు మన భూమిలో ఉన్నాయని మాకెలా తెలుసు? పెద్దక్క చెప్పింది, మేం నమ్మాం. ఆమె నిజమే చెప్పింది. కానీ సగమే నిజమని తరువాత తెలిసింది, దానికి వస్తాను.

అందుకే మీకు మొదట చెప్పేది కొలత గురించి. గట్టు హద్దు కాదు. గట్టు మట్టి. హద్దు అనేది సర్వే నంబరు పటంలో ఉంటుంది. తెలంగాణలో టిప్పన్ అంటారు, ఆంధ్రలో ఎఫ్.ఎం.బి. అంటారు. ఏ మూల నుంచి ఏ మూలకు ఎంత దూరమో అందులో రాసి ఉంటుంది. దాని నకలు మీ చేతికి రాకముందు ఏ గొడవలోనూ దిగకండి. చాలా ఊళ్లలో టిప్పన్ చిరిగిపోయిందనీ, దొరకడం లేదనీ అంటారు. అప్పుడు పక్క సర్వే నంబర్లవి అడగండి. ఉమ్మడి హద్దు రెండు పటాల్లోనూ ఉంటుంది. హద్దులు చూపించమని మీ సేవలో దరఖాస్తు పెట్టి ఫీజు కడితే మండల సర్వేయరు రావాలి, వచ్చే ముందు చుట్టుపక్కల రైతులకు నోటీసు ఇవ్వాలి. ఈ నోటీసు విషయం గట్టిగా పట్టుకోండి. నోటీసు లేకుండా కొలిస్తే అవతలివాడు "నేను లేనప్పుడు కొలిచారు" అంటాడు, ఆ కొలత చెల్లకుండా పోతుంది.

పంపకం జరిగిన భూమికి ఇంకో చిక్కు ఉంది. నోటి మాటతో పంచుకుని, సర్వే నంబరులో సబ్ డివిజన్ చేయించకపోతే టిప్పన్‌లో ఆ మధ్య గట్టు ఉండనే ఉండదు. అన్నదమ్ములిద్దరిదీ కలిపి ఒకే ముక్కగా ఉంటుంది. సర్వేయరు వచ్చినా నేను బయటి హద్దు చూపిస్తాను, లోపలిది మీరే చూసుకోండి అంటాడు. కాబట్టి మనం ఒక స్త్రీకి వాటా ఇప్పించేటప్పుడే, పెద్దమనుషులు ఇంకా అక్కడ కూర్చుని ఉండగానే, కొలిపించి రాళ్లు పాతించి సబ్ డివిజన్‌కు కాగితాలు పెట్టించాలి. పాస్‌బుక్కు వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. తెలంగాణలో 2025లో వచ్చిన భూభారతి చట్టంలో రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ కాగితాలకు సర్వే పటం జతచేసే ఏర్పాటు ఉంది. మన పనికి వచ్చే ఏర్పాటే. అది ఏ ఊళ్లో ఎంత అమలవుతోందో చూడాల్సింది మనమే.

పెద్దక్కది అదృష్టం. వాళ్ల మామ బతికుండగా పంచినప్పుడే సబ్ డివిజన్ అయింది. పటంలో గట్టు ఉంది, కానీ చేలో రాళ్లు లేవు. తూర్పు మూల రాయి ఏమైందో ఎవరూ చెప్పలేదు. ఒకనాడు సాయంత్రం గట్టు మీద గడ్డి కోస్తూ ఆమె యారాలు, అంటే ఆ బావ భార్య, మెల్లగా అంది. "రాయి మా కొట్టంల కుడితి తొట్టికింద ఉన్నది. నేను జెప్పిన్నని అనకు." ఇద్దరూ ఒకే ఇంటికి కోడళ్లుగా వచ్చినవాళ్లు. పాతికేళ్లు ఆ గట్టు మీద గడ్డి కోసి రెండిళ్ల బర్లను సాకింది వాళ్లే. గట్టు సన్నబడితే గడ్డి పోతుంది, నెత్తిన మోపు పెట్టుకుని నడిచే దారి పోతుంది. ఈ తగాదాల్లో అవతలి ఇంటి ఆడమనిషి కూడా నష్టపోతుందని మనం లెక్కేయం. ఆమెను శత్రువుల్లో కలిపేస్తాం.

మాకు పెద్ద ఇరకాటం వచ్చింది. సర్కారు పాతిన హద్దురాయి పీకడం నేరం. కొట్టంలోంచి రాయి బయటికి తీయిస్తే కేసు గెలిచినట్టే. మాలో కొందరు అదే అన్నారు. కానీ తొట్టికింద రాయి ఉందని చెప్పగలిగింది ఆ ఇంట్లో ఒక్కరే. ఆయన చెయ్యి ఊరికే ఉండే మనిషి కాదు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. ఒక ఆడమనిషి గట్టు కోసం ఇంకో ఆడమనిషి వీపు పగలాలా? పెద్దక్కే తేల్చింది. "ఆ రాయి మాట మర్సిపోండ్రి" అంది. ఆ యారాలు ఇప్పుడు లేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. మేం సర్వేయరును రాయి ఉందా లేదా అని అడగలేదు. దూరంగా ఉన్న మూడు ఊళ్ల పొలిమేర రాయి నుంచి గొలుసు లాగమని పట్టుబట్టాం. రెండు రోజులు పట్టింది.

కొలిస్తే ఏం తేలింది? తూర్పు కొసన బావ ఆరడుగులు ఇవతలికి వచ్చాడు. పడమటి కొసన మాత్రం పెద్దక్క చేనే రెండడుగులు ఆయన వైపు ఉంది. ఆమె భర్త బతికున్నప్పుడు ఎప్పుడో జరిగింది, ఆమెకు తెలియదు. ఆ మాట సర్వేయరు చెప్పగానే మా మొహాలు మాడిపోయాయి. బావ వైపు వాళ్లు ఈలలు వేశారు. పెద్దక్క ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. గడ్డపార తీసుకుని పడమటి కొసకు పోయి, "ముందుగాల ఈడ పాతుండ్రి" అని తన చేలో తనే గుంత తవ్వడం మొదలుపెట్టింది. ఆ తరువాత తూర్పు కొసన రాయి పాతుతుంటే అడ్డు చెప్పడానికి ఊళ్లో ఎవరికీ నోరు రాలేదు. నిజం చెప్పాలంటే, మేం సలహా ఇచ్చి ఉంటే ఆ రెండడుగుల సంగతి నానుస్తూ కూర్చునేవాళ్లం.

విస్తీర్ణం లెక్కేస్తే ఆయన వైపు నుంచి వచ్చింది ముప్పావు గుంట కూడా లేదు. "మూడేళ్లు తిరిగింది దీనికా?" అని ఒక పెద్దమనిషి నవ్వాడు. ఆ నవ్వు మీరు కూడా వింటారు. ఆరడుగుల దగ్గర ఆపకపోతే ఏడో అడుగు వచ్చేది. చెట్ల సంగతి అసలు ఆయన లెక్కలోనే లేదు.

చెట్ల నీడ గురించి కొంచెం చెప్పాలి. మన ప్రాంతంలో యాసంగి రోజుల్లో పొద్దు దక్షిణానికి వాలి నడుస్తుంది. దక్షిణం గట్టు మీద ఎత్తు చెట్లుంటే నీడ రోజంతా ఉత్తరం చేలో పడుతుంది. పెద్దక్కది ఉత్తరం చేను. నాటినవాడి చేనులో ఎండ, పక్కవాళ్ల చేనులో నీడ. వానాకాలం మొదట్లో పొద్దు నడినెత్తికి వస్తుంది కాబట్టి నీడ బాధ అంత ఉండదు. అందుకే జూన్‌లో చూసి చెట్ల వల్ల నష్టమేం లేదన్నవాళ్లకు జనవరిలో చూపించాలి. జామాయిల్, సుబాబుల్ వేళ్లు గట్టు దగ్గర ఆగవు, తేమ లాగేస్తాయి. వరసకు దగ్గర సాళ్లలో కంది గాని జొన్న గాని గిడసబారి ఉంటుంది. భూమి పోకుండానే పంట పోతుంది. కొలతల్లో ఇది కనిపించదు. పైరు ఉన్నప్పుడు ఫోటో తీయాలి.

హద్దు నుంచి ఇన్ని అడుగుల దూరంలో చెట్టు పెట్టాలని మన చట్టాల్లో వెతికితే అంకె దొరకదు. కానీ కొన్ని సూత్రాలను కోర్టులు చాలాకాలంగా పాటిస్తున్నాయి. చెట్టు మొదలు ఎవరి భూమిలో ఉంటే చెట్టు వాళ్లది, కాయలూ వాళ్లవే. కొమ్మ మన చేలోకి వస్తే, అవతల కాలు పెట్టకుండా హద్దు దాకా నరుక్కోవచ్చు. నరికిన కర్ర మాత్రం వాళ్లకు ఇచ్చేయాలి. ఆ కొమ్మ ఇరవై ఏళ్లుగా మన మీదికి వాలి ఉన్నా, అలా వాలి ఉండే హక్కు వాళ్లకు రాదు. మొదలు సరిగ్గా హద్దు మీదే ఉంటే ఆ చెట్టు ఇద్దరిది, ఒకరు చెప్పకుండా ఒకరు నరకకూడదు. ఎవరి చెట్టయినా మొదలంటా నరకాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి, కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి. మేం పీకినవి మొక్కలు కాబట్టి ఆ కేసు ఒకటి తప్పింది. కొమ్మ నరికే ముందు కూడా ఒక ఉత్తరం రాసి, పది రోజులు చూసి, ఇద్దరు సాక్షుల ముందు నరకండి. హక్కు ఉండటం వేరు, హక్కు ఉందని రేపు చూపించగలగడం వేరు.

మనం మన వైపు నాటే సంగతి కూడా ఉంది. కొలత అయ్యాక చాలామంది గట్టును ఖాళీగా వదిలేస్తారు. ఖాళీ గట్టు మళ్లీ కరుగుతుంది. ఆముదం, కంది వేస్తే ఏటా చేతికి ఏదో వస్తుంది, ఏటా అక్కడ మన చెయ్యి పడుతుంది. పశువులు రాకుండా కిత్తనార గాని గోరింట గాని వరసగా పెట్టుకోవచ్చు, నీడ ఉండదు. ఉపాధి హామీ పనుల్లో గట్ల మీద టేకు మొక్కలు పెట్టించుకున్న ఊళ్లు చాలా ఉన్నాయి. అవి ఇప్పుడు ఎదిగి ఉన్నాయి. ఆ వరసలు ఎవరి గట్టు మీద ఎవరి పేరున రాశారో చూసుకోండి, కోత రోజున తగాదా అక్కడినుంచే వస్తుంది.

పెద్దక్క, ఆమె బావ చివరికి ఒక కాగితం రాసుకున్నారు. ఎత్తు చెట్లు రెండు వైపులా హద్దుకు పదడుగుల లోపల పెట్టకూడదు, గట్టు మూడడుగుల వెడల్పు ఉంచాలి, ఎవరి వాలు మీది గడ్డి వారిది. మధ్యలో ఉన్న వేపచెట్టు ఇద్దరిది. ఆ పదడుగులు చట్టం చెప్పింది కాదు, వాళ్లిద్దరూ బేరమాడి ఒప్పుకున్నది. ఆయన పదిహేను దగ్గర ఒప్పుకోలేదు, ఆమె ఐదు దగ్గర ఒప్పుకోలేదు.

అన్ని తగాదాలూ ఇలా తెగవు. గడువుల సంగతి గుర్తుంచుకోండి. మీ స్వాధీనంలో ఉన్న భూమిలోంచి చట్టప్రకారం కాకుండా మిమ్మల్ని తోసేస్తే, ఆరు నెలల లోపల కోర్టుకు పోతే స్వాధీనం తిరిగి ఇప్పించమని అడగవచ్చు. హక్కు ఎవరిదన్న లోతు చర్చ అక్కడ అవసరం లేదు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో ఉంది. ఆరు నెలలు దాటితే హక్కు నిరూపించుకుంటూ పెద్ద దావా వేయాలి. పన్నెండేళ్లు నోరు మూసుకుని ఉంటే, బాహాటంగా దున్నుకుంటున్నవాడు ఇక నాదే అని వాదించే వీలు వస్తుంది. "అన్నే కదా, పోనీలే" అని ఊరుకున్న ఏళ్లన్నీ ఆ లెక్కలోకే పోతాయి. వకీలు ఫీజు కోసం భయపడవద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. స్టేషన్‌లో "ఇది సివిల్ తగాదా, కోర్టుకు పో" అంటారు. గట్టు సివిలే కావచ్చు, కొట్టడం సివిల్ కాదు. దళిత స్త్రీ భూమినో ఆదివాసీ స్త్రీ భూమినో పైకులంవాడు అక్రమంగా ఆక్రమించి దున్నుకుంటే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద అది నేరం. దాన్ని కూడా గట్టు తగాదా పేరు పెట్టి పెద్దమనుషుల ముందుకు తోసేస్తుంటారు. అక్కడ కూర్చోవద్దు.

ఒంటరి స్త్రీలకు ఇంకో ప్రమాదం ఉంది. గట్టు కోసం నోరెత్తిన ముసలామె మీద కొన్నాళ్లకు బాణామతి చేస్తుందన్న పుకారు పుడుతుంది. పక్కింటి పిల్లకు జ్వరమొస్తే ఈమె పేరు వస్తుంది. అలాంటి పుకారు వినపడగానే ఆమెకు ఎవరితో భూమి హద్దు ఉందో మొదట అడగండి. నేను వెళ్లిన రెండు చోట్లా పుకారు ఎక్కడ మొదలైందో అలాగే తెలిసింది.

ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన చెల్లెళ్లకు ఒక మాట. మీ దగ్గర 2020 డిసెంబరులో మొదలుపెట్టిన రీసర్వేలో చాలా ఊళ్లలో కొత్తగా కొలిచి కొత్త పటాలు చేశారు. కొలిచిన రోజు చేలో ఎవరు నిలబడి హద్దు చూపించారో మీ ఊళ్లో ఒక్కొక్కరినీ అడగండి. భూమి ఆమె పేరున ఉంటుంది, రికార్డులో ఫోను నంబరు మరిదిది ఉంటుంది. కబురు ఆయనకు వస్తుంది, హద్దు ఆయన చూపిస్తాడు. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టంలో అప్పీలుకు గడువు నెలల్లోనే ముగిసిపోతుంది. తుది ప్రకటన వచ్చాక కూడా సివిల్ కోర్టుకు పోవడానికి మూడేళ్లు ఉంటుంది. మీ ఊరి ప్రకటన తేదీ తెలుసుకోండి. ఫోను నంబరు మార్పించడం ఈ నెలలోనే చేయగలిగిన పని.

టైము అయిందని అంటున్నారు. భోజనాలయ్యాక అందరం ఊరి బయట ఒక చేలోకి వెళ్తున్నాం. ఆ చేను యజమానురాలు ఇక్కడే వెనక వరసలో కూర్చుంది. టిప్పన్ నకళ్లు నాలుగు తెచ్చాను, గొలుసు కూడా తెప్పించాం. సర్వేయరు లేకుండా మనం కొలిచిన కొలత ఎక్కడా చెల్లదు. కానీ ఆయన వచ్చిన రోజు గొలుసు రెండో కొస ఎవరు పట్టుకున్నారో, అది ఎక్కడ వదులైందో కనిపెట్టడానికి మన చేతికి అలవాటు ఉండాలి. చెప్పులు గట్టివి వేసుకోండి, ఆ గట్టు నిండా సర్కారు తుమ్మ ముళ్లున్నాయి.